చిన్నప్పుడు కొనలేకపోయిన సైకిల్ ఇప్పుడు కొనాలంటే

నలభై దాటాక మళ్ళీ సైకిల్ కొందామనుకునేవాళ్ళు మా నెల్లూరులో ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. షుగర్ వచ్చిందనో, మోకాళ్ళు నడకకి ఒప్పుకోవట్లేదనో మాట మొదలుపెడతారు. కాసేపటికి అసలు సంగతి బయటికొస్తుంది. "తొమ్మిదో తరగతిలో మా పక్క బెంచీవాడికి రేంజర్ ఉండేది. మా నాయన్ని ఎంత అడిగినా కొనివ్వలేదు. అట్లాంటిది ఇప్పుడు దొరుకుతుందా?" అని అడుగుతారు. ఒకరికి అది హీరో రేంజర్, ఇంకొకరికి హెర్క్యులిస్ ఎంటీబీ, మరొకరికి బీఎస్‌ఏ ఎస్‌ఎల్ఆర్. ఆడపిల్లలకి లేడీబర్డ్. సైకిల్‌తో పాటు ఇంకొన్ని వస్తువులు కూడా ఈ కోరికల్లో ఉంటాయి: డైనమో లైటు, మూడు బ్యాటరీల టార్చి, మద్రాసు బర్మా బజారులో చూసి వచ్చిన బైనాక్యులర్, ఎర్ర పిడి స్విస్ కత్తి.

ఆ కోరిక చిన్నదేం కాదు. అప్పట్లో చాలా ఇళ్ళలో ఒకటే సైకిల్ ఉండేది, అది నాయనది. పిల్లలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి దాని మీదే నేర్చుకునేవాళ్ళు, లేదంటే గంటకింతని అద్దె సైకిల్ తెచ్చుకునేవాళ్ళు. పండగ బట్టలే ఆలోచించి కొనే ఇళ్ళలో సొంత సైకిల్, అందులోనూ రంగుల సైకిల్ కావాలని నోరు తెరిచి అడగడానికే జంకేవాళ్ళు. అందుకే ఇన్నేళ్ళయినా అది మనసులో ఉండిపోయింది. ఇప్పుడు చేతిలో డబ్బులుంటే తప్పకుండా కొనుక్కోండి అనే నేను చెబుతాను. అయితే అప్పుడు ఆశపడ్డవాటిలో కొన్ని నిజంగానే మంచి సరుకు. కొన్ని షాపు ముందు నిలబెడితే బాగుండేవి తప్ప మన దారుల్లో అంతగా పనికొచ్చేవి కావు. ఏది ఎలాంటిదో తెలుసుకుని కొంటే, ఆ సైకిల్ నెల తిరక్కుండానే మిద్దె మీదికి ఎక్కకుండా ఉంటుంది.

ముందు మీ దారి చూసుకోండి

పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాలు సైకిల్ తొక్కేవాళ్ళకి రెండు వేరు వేరు ప్రాంతాలు. తూర్పున కోవూరు, విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, పైకి వెళితే సింగరాయకొండ, కొత్తపట్నం. వరి మళ్ళు, కాలవ గట్లు, రొయ్యల గుంటలు. వంతెనలు ఎక్కడం తప్పితే ఎత్తు అనేదే పెద్దగా ఉండదు. ఇక్కడ కష్టపెట్టేది గాలి. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి, ఎండ ఎక్కాక సముద్రం మీద నుంచి నేల వైపు తిరుగుతుంది. వేరే గాలులు బలంగా లేని రోజున నెల్లూరు నుంచి తూర్పున సముద్రం ఒడ్డునున్న మైపాడుకి చీకటితోనే బయల్దేరి, పొద్దెక్కి గాలి తిరిగాక వెనక్కొస్తే రెండు వైపులా గాలి వీపు మీదే ఉంటుంది. ఇలాంటి దారికి గేర్లు ఉంటే మంచిదే, లేకపోయినా లోటు లేదు.

పడమట అలా కాదు. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు, రాపూరు, పెంచలకోన వైపు, అటు పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు నేల ఎగుడుదిగుడు. వెలిగొండలు, ఆ తర్వాత నల్లమల. రాపూరు నుంచి చిట్వేలికి వెళ్ళే ఘాట్ గానీ, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ గానీ గేర్లు లేని సైకిల్‌తో వెళితే ఎక్కువ దూరం దిగి నెట్టుకోవడమే అవుతుంది. ఈ వైపు ఉండేవాళ్ళు ఎంత ఇష్టమున్నా పాత సింగిల్ గేర్ సైకిల్‌ని ఊళ్ళో తిరగడానికే ఉంచుకోవాలి.

మీరు వారంలో ఎక్కువసార్లు వెళ్ళే దారి ఈ రెండింటిలో ఏదో దాన్నిబట్టే నిర్ణయించుకోండి. ఏడాదికోసారి స్నేహితులతో వెళ్ళే దూరప్రయాణం కోసం రోజువారీ సైకిల్‌ని ఎంచుకోకండి.

నల్ల సైకిల్

ఎవరూ ఆశపడని, నాయనలు తొక్కిన నల్ల సైకిల్‌తో మొదలుపెడుతున్నాను. ఎందుకంటే కోస్తా వైపు ఉండేవాళ్ళకి నా మొదటి ఓటు దీనికే.

ఇంగ్లండులో పుట్టిన ఈ నమూనా స్వతంత్రం వచ్చిన కొత్తలో మన దగ్గరే తయారవడం మొదలైంది. మద్రాసు అంబత్తూరులో మురుగప్ప వాళ్ళు, ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్ళతో కలిసి 1949లో టీఐ సైకిల్స్ పెట్టారు. హెర్క్యులిస్, బీఎస్‌ఏ ఆ ఇంటివే. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో వచ్చాయి. హీరో 1986కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైకిళ్ళు తయారుచేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అట్లాస్ కథ మాత్రం బాధ కలిగిస్తుంది. సాహిబాబాద్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. భూగోళాన్ని మోస్తున్న మనిషి బొమ్మ ఉన్న ఆ బిళ్ళ మీ ఇంట్లో పాత సైకిల్ మీద ఇంకా ఉంటే పీకి పారేయకండి.

ఈ సైకిల్ ఎందుకు హాయిగా ఉంటుందో చెబుతాను. చక్రాలు పెద్దవి, టైరు 28 x 1½. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు ఫోర్కు బాగా వాలుగా ఉంటుంది. అందువల్ల గుంత వచ్చినా దెబ్బ నేరుగా చేతులకి రాదు. సీటు కింద స్ప్రింగులు. హ్యాండిల్ మన వైపుకి వంగి ఉంటుంది కాబట్టి నిటారుగా కూర్చుంటాం, నడుమునొప్పి ఉన్నవాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం. చైనుకి పూర్తి కవరు ఉంటే లుంగీ గానీ ప్యాంటు గానీ నూనె మరకలు పడవు. వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా వేసినా మోస్తుంది. బరువు ఇరవై కిలోల చుట్టూ ఉంటుంది, చదును రోడ్డు మీద ఒకసారి వేగం అందుకుంటే ఆ బరువు తెలియదు.

దీంట్లో ముందు పళ్ళచక్రానికి 44, వెనక ఫ్రీ వీల్‌కి 18 పళ్ళు ఉండటం మామూలు. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు అయిదున్నర మీటర్లు ముందుకి పోతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇది సరిపోతుంది. యాభైలో ఉన్నవాళ్ళకి ఎదురుగాలిలో బరువనిపిస్తుంది. దీనికి చాలా చౌకైన మార్గం ఉంది. వెనక 22 పళ్ళ ఫ్రీ వీల్ వేయించండి, అవసరమైతే చైనుకి ఒకటి రెండు లింకులు కలుపుతారు. అప్పుడు ఒక చుట్టుకి నాలుగున్నర మీటర్లే వెళ్తుంది, తొక్కడం తేలికవుతుంది. ఈ చిన్న మార్పు చేయించుకోక, నల్ల సైకిల్ బరువని వదిలేసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

లోపం ఎక్కడంటే బ్రేకులో. కడ్డీ బ్రేకులు, క్రోమియం పూత పూసిన ఇనుప రిమ్ములు. రిమ్ము తడిస్తే బ్రేకు జారుతుంది. మనకి అసలు వానలు పడేది అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో. ఆ రెండు నెలలు ట్రాఫిక్‌లో ఈ సైకిల్‌ని చాలా ముందుగానే ఆపడం మొదలుపెట్టాలి. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద రోజూ వానలో వెళ్ళాల్సినవాళ్ళు ఇంకో రకం చూసుకోవడమే మంచిది.

కొత్తది కొనాలా, పాతదా? మీ నాయన సైకిల్ పశువుల కొట్టంలోనో మిద్దె మెట్ల కిందో ఉంటే ఇంకో ఆలోచన వద్దు, దాన్నే బాగు చేయించండి. ఓవరాయిలింగ్ అంటే పైపైన నూనె పోయడం కాదు. ముందు వెనక ఇరుసులు, పెడల్ ఇరుసు, హ్యాండిల్ దగ్గరి కప్పులు అన్నీ విప్పి, కిరోసిన్‌తో కడిగి, అరిగిన కోనులు తీసేసి, బాల్స్ అన్నీ కొత్తవి వేసి, గ్రీజు పెట్టి బిగించాలి. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు కట్టెలు కొత్తవి. పెయింటు జోలికి పోకండి. పైన ఉన్న గీతలు, కంపెనీ అక్షరాలు ఒకసారి పోతే మళ్ళీ రావు. ఇంట్లో పాతది లేకపోతే కొత్త నల్ల సైకిల్ ఇప్పటికీ పదివేల లోపే దొరుకుతుంది. దాంతో పాటు వచ్చే రెక్సిన్ సీటు తీసేసి మెరుగైనది వేయించుకుంటే చాలు.

రేంజర్, ఎంటీబీ, ఎస్‌ఎల్ఆర్: పాతది వెతకడం

ఇప్పుడు మనసు పడ్డవాటి దగ్గరికి వద్దాం. ఎనభైల చివర్లో, తొంభైల్లో తిన్నని హ్యాండిల్, లావు గుండీల టైర్లు, మెరిసే రంగులతో రేంజర్, ఎంటీబీ లాంటివి వచ్చినప్పుడు నల్ల సైకిల్ ఒక్కసారిగా ముసలివాళ్ళ బండి అయిపోయింది. చూపు తిప్పుకోలేని అందం వాటిది, నిజం. కానీ వాటిలో ఎక్కువగా కనిపించినవాటికి గేర్లు లేవు. బరువు నల్ల సైకిల్ కంటే పెద్దగా తక్కువ కాదు. గుండీల టైరు తారు రోడ్డు మీద ఝుమ్మని శబ్దం చేస్తూ మన బలాన్ని లాగేస్తుంది. ఆ శబ్దమే మనకి ఇష్టం, అది వేరే సంగతి. పాత రేంజర్ దొరికితే, గుండీల టైర్లు తీసి 26 x 1.75లోనే నున్నటివి వేయించి చూడండి. అదే సైకిల్ ఎంత తేలిగ్గా పోతుందో మీకే తెలుస్తుంది.

ఆ కాలపు సైకిళ్ళలో నన్ను ఒకటి ఎంచమంటే ఎస్‌ఎల్ఆర్ తరహావే ఎంచుతాను. సన్న టైర్లు, తక్కువ బరువు, తీగె బ్రేకులు, అనవసరమైన హంగు లేదు. మైపాడు రోడ్డు లాంటి చదును దారికి అది ఇప్పటికీ చక్కటి సైకిల్.

పాతవి కొనేటప్పుడు టైరు సైజు దగ్గర చాలామంది మోసపోతారు, ఎవరూ మోసం చేయకపోయినా. 26 x 1.75 అని రాసిన టైరు కూర్చునే రిమ్ము అడ్డుకొలత 559 మిల్లీమీటర్లు. 26 x 1⅜ అని ఉంటే అది 590. రెండింటి మీదా 26 అనే ఉంటుంది, ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. నల్ల సైకిల్ 28 x 1½ది 635. ఇప్పటి హైబ్రిడ్‌లకి (రేసు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్య రకం) వచ్చే 700సీ టైరుది 622, అది కూడా పైకి 28 అంగుళాల చక్రంలాగే కనిపిస్తుంది. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఈ మూడంకెల సంఖ్యనే చూసి టైరు కొనండి. సైకిల్ బేరమాడే ముందు ఆ సైజు టైరు మీ ఊళ్ళో దొరుకుతుందో లేదో కనుక్కోండి. దొరక్కపోతే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

తర్వాత ఫ్రేమ్. కోస్తా గాలిలో ఉప్పు ఉంటుంది, తుప్పు బయట కంటే లోపల ఎక్కువ పడుతుంది. సైకిల్‌ని తలకిందులు చేసి పెడల్ ఇరుసు ఉండే గొట్టం కింద భాగం చూడండి, నీళ్ళు చేరేది అక్కడే. హ్యాండిల్ గొట్టానికి కడ్డీలు అతికిన చోట పెయింటు మీద సన్నని గీత ఉంటే అది పగులు కావచ్చు. సీటు గొట్టం పైకీ కిందికీ కదులుతుందా అని అడగండి. తుప్పుతో బిగుసుకుపోతే తీయడం నరకం. పక్క నుంచి చూస్తే ముందు ఫోర్కు వెనక్కి వంగినట్టుంటే ఎప్పుడో గుద్దుకుందని అర్థం, వదిలేయండి. ఫ్రేమ్, ఫోర్కు బాగుంటే మిగతావన్నీ మార్చుకోవచ్చు. పాత పేరుతోనే ఇప్పుడు కొత్త సైకిల్ కనిపించినా, పేరు అదే కాబట్టి సరుకు కూడా అప్పటిదే అనుకోకండి. ఎదురుగా ఉన్న సైకిల్‌నే పరీక్షగా చూసి కొనండి.

గేర్లు, షాక్ అబ్జార్బర్లు, డిస్క్ బ్రేకులు

మన కోరికల్లో గేర్లకి మాత్రం ఇప్పుడు కూడా పూర్తి మార్కులు వేస్తాను. 21 గేర్లు అంటే ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు. ఆ అంకె చూసి పొంగిపోవాల్సిన పని లేదు, వాటిలో సగం దాదాపు ఒకదానితో ఒకటి సమానంగానే ఉంటాయి. చూడాల్సింది అన్నిటికంటే తేలికైన గేర్ ఎంత తేలిక అన్నది. ముందు చిన్న చక్రానికి 28 పళ్ళు, వెనక పెద్దదానికి 28 ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది, సైకిల్ రెండు మీటర్ల చిల్లర కదులుతుంది. నల్ల సైకిల్ అయిదున్నర మీటర్ల పక్కన పెట్టి చూడండి. ఉదయగిరి వైపు ఎత్తులు దిగకుండా ఎక్కించేది ఈ తేడానే. వెనక పెద్ద చక్రానికి 32, 34 పళ్ళున్నవి దొరికితే ఇంకా మంచిది. అందులో గేర్లు తయారుచేసే షిమానో వాళ్ళ కింది రకం, టోర్నీ లాంటిది, ఉన్నా చాలు. పెద్ద రకాల కోసం డబ్బు పోస్తే తర్వాత విడిభాగాలకి చెన్నైకో విజయవాడకో పరిగెత్తాల్సి వస్తుంది.

షాక్ అబ్జార్బర్లు వద్దు. ఈ మాట చాలామందికి నచ్చదు, ఎందుకంటే అప్పుడు మనల్ని అన్నిటికంటే ఊరించింది అవే. కానీ తక్కువ ధర సైకిళ్ళలో ముందు ఫోర్కులో ఉండేది ఉత్త స్ప్రింగు. స్ప్రింగు నొక్కుకున్నాక అది ఎగిరిపడకుండా అదుపుచేసే ఏర్పాటు అందులో పెద్దగా ఉండదు. లేచి నిలబడి తొక్కితే మన బలంలో కొంత స్ప్రింగుని కిందికి నొక్కడానికే పోతుంది, దూదిపరుపు మీద నడిచినట్టు. బరువు మాత్రం గట్టిగా పెరుగుతుంది. మధ్యలో ఇంకో స్ప్రింగు ఉండే డబుల్ షాక్ సైకిల్ అయితే మరీ దండగ. అది వంగే కీలు దగ్గర బుష్షులు మన దుమ్ముకి అరిగి, వెనక చక్రం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. దానికి సరిపోయే బుష్షు ఏ షాపులోనూ దొరకదు. గుంతల రోడ్డుకి అసలు మందు 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, అందులో మరీ గట్టిగా కొట్టని గాలి. కొడుక్కో మేనల్లుడికో కొంటున్నప్పుడు కూడా ఇదే చెప్పండి. వాళ్ళు అలిగితే రెండు సైకిళ్ళూ తొక్కించి చూపించండి.

డిస్క్ బ్రేకుల విషయంలో అంత ఖరాఖండీగా చెప్పను. ఘాట్ దిగేవాళ్ళకి, వానలో తిరిగేవాళ్ళకి అవి నిజంగా పనికొస్తాయి. తీగెతో పనిచేసే రకమే తీసుకోండి. నూనెతో పనిచేసే రకం బాగా ఆపుతుంది గానీ, పామూరులోనో కనిగిరిలోనో అందులో గాలి బుడగ చేరితే తీసేవాళ్ళు దొరకడం కష్టం. సముద్రం వైపు ఉండేవాళ్ళకి అల్యూమినియం రిమ్ము, దాన్ని రెండు పక్కల నుంచి పట్టే వీ బ్రేకు చాలు. ఆ బ్రేకు రబ్బర్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి.

ఇవన్నీ కలిపి చూస్తే కొత్త సైకిల్ కావాలన్నవాళ్ళకి హైబ్రిడ్ సరిపోతుంది: షాక్ లేని గట్టి ఫోర్కు, తిన్నని హ్యాండిల్, 700సీ చక్రాలకి 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లు, గేర్లు. పదిహేను వేల నుంచి ముప్ఫై వేల మధ్య మంచివే వస్తాయి. హీరో వాళ్ళు 2015లో కొన్న ఫైర్‌ఫాక్స్, టీఐ వాళ్ళ మోంట్రా, డెకథ్లాన్ సొంత సైకిళ్ళు అన్నీ ఈ వరసలో ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది కాబట్టి పాత ధరల పట్టిక చూపిస్తే ఒప్పుకోవద్దు.

వంపు హ్యాండిల్ రేసు సైకిల్ మీద కోరిక ఉన్నవాళ్ళకి ఒకటే ప్రశ్న. మీరు 200 కిలోమీటర్ల బ్రెవె (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) లాంటివి చేస్తారా? పదమూడున్నర గంటల్లో ఆ దూరం పూర్తి చేయాలనే పట్టుదల ఉంటే తీసుకోండి, 16వ నంబరు జాతీయ రహదారి మీద దానంత హాయి ఇంకోటి ఇవ్వదు. పొద్దున్నే కాఫీ తాగి కోవూరు దాకా వెళ్ళొచ్చేవాళ్ళకి అది మెడనొప్పి.

లేడీబర్డ్ కోరిక

మా ఇళ్ళల్లో అన్నకి సైకిల్ కొని చెల్లెలికి కొనని రోజులవి. ఇప్పుడు సొంత డబ్బుతో కొనుక్కుంటున్న అక్కాచెల్లెళ్ళు ముందు బుట్ట, కిందికి వంగిన ఫ్రేమ్, చీర చుట్టుకోకుండా వెనక చక్రానికి జల్లెడ ఉన్న ఆ సైకిలే కావాలంటే, అదే కొనమంటాను. ఇందులో కోరికా పనీ రెండూ ఒకవైపే ఉన్నాయి. గేర్లున్న హైబ్రిడ్‌లలో కూడా వంగిన ఫ్రేమ్‌వి వస్తున్నాయి, పడమటి ఊళ్ళవాళ్ళు అవి చూడండి. ఇంకో మాట: తుంటి, మోకాలు నొప్పులున్న మగవాళ్ళు కూడా ఈ ఫ్రేమ్ తీసుకోవాలి. కాలు వెనక నుంచి విసిరి ఎక్కేటప్పుడు పడిపోయేవాళ్ళు చాలామంది, ఆడవాళ్ళ సైకిల్ అని మొహమాటపడి ఎముక విరగ్గొట్టుకోవడం దేనికి?

ముల్లు, గాలి

ఏ సైకిల్ కొన్నా మన జిల్లాల్లో దాని మొదటి శత్రువు సర్కారు తుమ్మ. కాలవ గట్లు, చెరువు కట్టలు, రోడ్డు పక్క బీళ్ళు అన్నీ అదే. కంప కొట్టి ట్రాక్టర్లో తీసుకెళ్ళిన రోజున రోడ్డంతా ముళ్ళే. తర్వాత పల్లేరు కాయలు, అవి ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సన్న రేసు టైర్లు ఇక్కడ బతకవు. లోపల పంక్చర్ ఆపే పొర ఉన్న టైరుకి కాస్త ఎక్కువ పెట్టండి, మిగతా ఏ హంగు మీద పెట్టే డబ్బు కంటే అది మేలు. ట్యూబులో పోసే సీలెంట్ ద్రవం కూడా సన్న ముళ్ళకి బాగా పనిచేస్తుంది. ట్యూబ్‌లెస్ అయితే చక్రం, టైరు, ద్రవం అన్నీ దానికి తగ్గవి కావాలి. మన చిన్న ఊళ్ళలో దానికి ఇంకా సాయం దొరకదు.

పంక్చర్ వేశాక టైరు లోపల వేలితోనో దూదితోనో చుట్టూ తడిమి చూడండి. విరిగిన ముల్లు మొన అక్కడే ఉండిపోయి రెండో రోజు మళ్ళీ గుచ్చుతుంది.

వాల్వు మూడు రకాలు. నల్ల సైకిల్‌ది లోపల చిన్న రబ్బరు వాల్వ్ ట్యూబ్ ఉండేది. రెండోది మోటారు సైకిల్ లాంటిది. మూడోది ఖరీదైన సైకిళ్ళకి వచ్చే సన్నని సూది లాంటిది, దానికి రోడ్డు పక్క షాపుల్లో గాలి కొట్టలేరు. కొనేటప్పుడు రెండో రకం అడగండి. సూది వాల్వు తప్పదనుకుంటే దానికి తొడిగే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండాలి.

డైనమో, ఇంకొన్ని

టైరుకి ఆనుకుని గిర్రున తిరిగే సీసా డైనమో ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లు. అందులో 2.4 ముందు లైటుకి, 0.6 వెనక ఎర్రదానికి. తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. దాని రాపిడి కాళ్ళకి తెలిసేది. అయినా నల్ల సైకిల్‌కి అది పెట్టించుకోవాలని ఉంటే పెట్టించుకోండి, ఆ సైకిల్‌కి అదే అందం. రాత్రి ప్రయాణాన్ని మాత్రం దానికి అప్పగించకండి. ఛార్జింగ్ పెట్టుకునే ఎల్‌ఈడీ లైట్లు రెండు, ముందు తెల్లది, వెనక ఎర్రది. లారీలు వెళ్ళే రోడ్డు మీద ఆగినప్పుడు కూడా వెలుగుతూ ఉండాల్సింది వెనకదే, ముందుదానికంటే దాని మీద ఎక్కువ ఖర్చు పెట్టండి. ముందు లైటు కాస్త కిందికి వంచండి, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడకుండా. మూడు బ్యాటరీల పొడుగు టార్చి బ్యాటరీలు వానాకాలంలో కారి లోపలంతా పాడుచేసేవి. దాన్ని గూట్లో పెట్టుకుని, తలకి కట్టుకునే లైటు కొనుక్కుంటే పంక్చర్ వేసుకునేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఎర్ర స్విస్ కత్తి, 1897 నుంచి అదే పద్ధతిలో వస్తున్నది, కొనుక్కుంటే జీవితాంతం ఉంటుంది. సైకిల్‌కి మాత్రం అది పనికిరాదు. గేర్ల సైకిల్‌కి 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలున్న చిన్న మల్టీటూల్, నల్ల సైకిల్‌కి రెండు రెంచీలు. మిలిటరీ గుడ్డ సంచి తడిస్తే బరువు, ఆరడానికి రెండు రోజులు. ఏ సంచి అయినా మన ఎండల్లో వీపుకి తగిలించుకోకుండా క్యారియర్‌కి కట్టండి.

బైనాక్యులర్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన దగ్గర దాంతో చూడదగ్గవి ఉన్నాయి. పాత నెల్లూరు జిల్లాలోని నేలపట్టులో చలికాలమంతా గూడబాతులు గూళ్ళు కడతాయి, పక్కనే పులికాట్ సరస్సులో రాజహంసలు దిగుతాయి. బర్మా బజారులో మనం నోరు తెరుచుకుని చూసినవాటి మీద పెద్ద పెద్ద అంకెలుండేవి. పెద్ద అంకె మంచిదని అప్పుడు అనుకున్నాం. పదిరెట్లు దాటి పెద్దది చేసి చూపిస్తే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది, పక్షి నిలవదు. 8 x 42 తీసుకోండి. ఎనిమిది రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే అయిదు పైచిలుకు, కంటికి చేరే వెలుగు గుండ్రం వెడల్పు మిల్లీమీటర్లలో అంత. తెల్లవారు వెలుగులో చెట్ల మీద పక్షులు కనిపించేది దానివల్లే. జూమ్ ఉన్నవి ముట్టుకోవద్దు.

ఏది ఎవరికి

కోస్తాలో ఉండి, ఇంట్లో పాత నల్ల సైకిల్ ఉంటే దాన్ని బాగు చేయించి 22 పళ్ళ ఫ్రీ వీల్ వేయించండి. కోస్తాలోనే ఉండి తేలికైనది కావాలంటే పాత ఎస్‌ఎల్ఆర్ తరహాది వెతకండి, దొరక్కపోతే గేర్లు లేని హైబ్రిడ్. పడమటి ఊళ్ళలో ఉంటే తేలిక గేరున్న కొత్త హైబ్రిడ్. రేంజర్ మీదే ప్రాణం ఉన్నవాళ్ళు రేంజరే కొనండి, ఫ్రేమ్ బాగుండాలి, టైర్లు నున్నటివి ఉండాలి, ఊళ్ళో తిరగడానికి అది చాలు. డబుల్ షాక్ ఎవరికీ వద్దు.

ఏది ఎంచుకున్నా షాపులోనే ఎక్కి కూర్చుని సీటు ఎత్తు సరిచేయించండి. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అన్నిటికంటే కింద ఉన్నప్పుడు కాలు తిన్నగా చాపుకోగలిగితే ఎత్తు సరిపోయినట్టు. సైకిల్ తొక్కడంవల్ల వచ్చే మోకాలి నొప్పుల్లో చాలావాటికి కారణం సీటు మరీ కిందికి ఉండటమే. కొత్త సైకిల్‌కి మొదటి నెలలో బ్రేకు తీగెలు సాగుతాయి, గేరు తీగె సడలుతుంది, చక్రాల పుల్లలు కుదురుకుని కాస్త వదులవుతాయి. నెలకి అదే షాపుకి తీసుకెళ్ళి అవన్నీ బిగించి, చక్రాల బెండు తీయమనండి. సముద్రం దగ్గర తిరిగొచ్చిన రోజున చైనుని పొడిగుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె వేయండి.